పొగల కొండ

సల్మానియాకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు "ఇక్కడ కొండలేమైనా ఉన్నాయా?" అని అడుగుతుంటారు. ఉంది, ఒక్కటి. అరగంట దక్షిణంగా కారులో వెళ్తే జబల్ అద్దుఖాన్. బహ్రెయిన్ మొత్తానికి ఎత్తయిన శిఖరం. ఎత్తెంతంటారా? 134 మీటర్లు! తిరుమల మెట్లెక్కినవాళ్ళకి నవ్వు రావడం సహజం. మొదటిసారి నాకూ వచ్చింది.

దుఖాన్ అంటే పొగ. ఉక్కపోత రోజుల్లో కొండ చుట్టూ మసక తెర కమ్ముకుంటుంది కనక ఆ పేరు. అసలు సంగతి కింద ఉంది. ఇక్కడి సున్నపురాతి పొరలు బోర్లించిన మూకుడులా వంగి ఉన్నాయి. లోతున పుట్టిన నూనె పైకొచ్చి ఆ మూకుడు కింద చిక్కుకుంది.

ఆ సంగతి నమ్మినవాడు ఫ్రాంక్ హోమ్స్ అనే న్యూజిలాండ్ మనిషి. అరబ్బుల వైపు తీరంలో నూనె లేదని బ్రిటిష్ కంపెనీల నిపుణులు తేల్చేసిన రోజులవి. హోమ్స్ ముందు మంచినీళ్ళ బావులు తవ్వించి, 1925లో షేక్ హమద్ దగ్గర నూనె హక్కులు సంపాదించాడు. అవి చేతులు మారి కాలిఫోర్నియా కంపెనీకి చేరాయి. బ్రిటిష్ షరతు తీర్చడానికి ఆ కంపెనీ 1929లో కెనడాలో 'బాప్కో'ని రిజిస్టర్ చేసింది. 1931 అక్టోబరులో కొండ పాదాన తవ్వకం మొదలైంది. 1932 జూన్‌లో, సుమారు 2,000 అడుగుల లోతున, నూనె పడింది. గల్ఫ్‌కి అరబ్బుల వైపున అదే మొదటిది.

సరిగ్గా సమయానికి పడింది. జపాన్ పెంపుడు ముత్యాలూ, ప్రపంచ ఆర్థికమాంద్యమూ కలిసి ఇక్కడి ముత్యాల వ్యాపారాన్ని ముంచేశాయి. ఈతగాళ్ళు నూనె కూలీలయ్యారు. వాళ్ళతోబాటు భారతీయులూ కొలువుల్లో చేరారు. 1965లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెల్లింది రూపాయే. 1938లోనే స్థానికులు "ముందు మా వాళ్ళకి ఉద్యోగాలివ్వండి" అని అడిగారు. ఆ మాట నేటికీ వినిపిస్తుంది. అందులో న్యాయం లేదని మనం అనగలమా?

1970 ప్రాంతంలో ఆ పాత క్షేత్రం దిగుబడి శిఖరం తాకి దిగడం మొదలైంది. నూనె తరుగుతుందని ముందే గ్రహించిన దేశం అల్యూమినియం వైపు, బ్యాంకుల వైపు మళ్ళింది. ఆ బ్యాంకుల కంప్యూటర్ల కోసమే నాలాంటివాళ్ళం ఇక్కడికి చేరాం. అంటే ఆ కొండ ఇచ్చింది తగ్గడం వల్లే మన కొలువులు పుట్టాయన్నమాట!

ఇప్పుడు చుట్టాలొస్తే ముందు ఆ మొదటి బావి దగ్గరకే తీసుకెళ్తాను. కొండని చూసి నవ్వితే నవ్వనిస్తాను. కథ తర్వాత చెప్తాను.