అంతా క్షేమం

పెద్దవాళ్లకీ పిల్లలకీ మాటలు తగ్గిపోయాయని ఈమధ్య ఎవరి నోట విన్నా అదే. నన్నడిగితే, పెద్దవాళ్లకు ఉన్నమాట చెప్పుకునే వీలు అసలు ఎప్పుడు చిక్కిందో చూడాలి. అందుకు ఉత్తరాల చరిత్రే సాక్ష్యం.

మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది. ఖరీదు పావు అణా. అంత చవక కాబట్టే పేదయింటి గడపదాకా వెళ్లింది. మరుసటి ఏడు, 1880లో, పోస్టాఫీసుల్లో మనియార్డర్లు మొదలయ్యాయి. ఫారం అడుగున చిన్న కూపను, అందులో రెండు ముక్కలు రాసుకునే జాగా. ఊరొదిలి బతకబోయిన కొడుకు డబ్బుతోబాటు కబురూ పంపేవాడు. అయితే చదువురాని తల్లికి అది చదివిపెట్టేది పోస్టుమానో, బడిపంతులో. జవాబు రాసిపెట్టేదీ వాళ్లే. కార్డుకి మూతా లేదాయె! నలుగురిలో చెప్పి రాయించే ఉత్తరంలో కాళ్లనొప్పీ, అప్పూ, కోడలి మాటా ఎవరు చెప్పుకుంటారు చెప్పండి? అందుకే ఏ ఇంటి ఉత్తరం చూసినా "ఇక్కడ అంతా క్షేమం" అనే.

మా జేజి ఉత్తరాలూ అంతే. (నాయనమ్మని మా నెల్లూరు వైపు అలాగే పిలుస్తాం.) నాన్నగారి ఉద్యోగం వల్ల మేం వేరే ఊళ్లో ఉండేవాళ్లం.

1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. పగలు కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టారు. ఆ చదువులోంచే దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1992లో ఆ పోరు ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అదంతా చరిత్రకెక్కింది. ఆ అక్షరాలతో ముసలమ్మలు మనవళ్లకు ఏం రాసుకున్నారో మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

అరవై దాటిన మా జేజి కూడా నేర్చుకుంది. ఆవిడ స్వహస్తాలతో రాసిన మొదటి ఉత్తరం నా పేర వచ్చింది. కొడుక్కి రాయాలంటే మొహమాటం, పదకొండేళ్ల మనవరాలి దగ్గర తప్పులకు సిగ్గేముంది! కార్డు కొనలేదు, ఇన్లాండు కవరు కొన్నది. 1950లో వచ్చిన ఆ నీలికాగితం మడిచి అంటిస్తే లోపలిమాట లోపలే. ఒత్తులూ లేవు, దీర్ఘాలూ లేవు. కూడబలుక్కుని చదివాను. కుడికన్ను కనబడక నాలుగు నెలలయిందట, ఖర్చవుతుందని చెప్పలేదట, మీ నాయనతో మెల్లిగా చెప్పమంది. అంతకు పదిరోజుల ముందే అంతా క్షేమమని కార్డు వచ్చి ఉంది! నాన్నగారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. ఆ వారంలోనే వెళ్లి తీసుకొచ్చి శుక్లం ఆపరేషను చేయించారు.

తరవాత పసుపు బోర్డుల ఎస్టీడీ బూతులొచ్చాయి. మీటరు తిరుగుతూంటే మాట పెగిలేదా? ఆ సంగతి వదిలేద్దాం. టెలిగ్రాం 2013 జులైలో పోయింది.

ఇప్పుడు మా అబ్బాయి హాస్టల్లో ఉంటాడు. ఆదివారం వీడియో కాలు చేస్తాడు. హాల్లో అందరం గుమిగూడతాం. "బాగున్నావా నాయనమ్మా?" అంటాడు. "బాగున్నాను నాన్నా" అంటారు మా అత్తగారు. నాకు ఆ పాత కార్డే గుర్తొచ్చేది. పోయిన నెల ఆవిడకి ఫోనులో ఏ గుర్తు నొక్కాలో నేర్పించి, ఫోను ఆవిడ చేతికే ఇచ్చేశాను.

మొన్న మధ్యాహ్నం అది పట్టుకుని పెరట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. అరగంట తరవాత వచ్చారు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.