పరకకు తగిన బెండు

నర్సంపేట నుండి కొత్తగూడకు పోయే దారిలో పాకాల చెరువు తగులుతుంది. గణపతిదేవుని కాలంలో (1199–1262) జగదాళ ముమ్మడి కట్టించిన తటాకమది. కట్ట ఎవరిదో శాసనం చెప్పింది. ఆ నీటిలో గాలం వేసినవాడు దారానికి ఏమి కట్టాడో చెప్పలేదు. నా కుతూహలమంతా దాని మీదనే.

రాజుల వేటకైతే గ్రంథమున్నది. కాకతీయులు ఒకప్పుడు ఎవరికి సామంతులో ఆ కల్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు, మానసోల్లాసంలో (సుమారు 1131) మత్స్యవినోదమని ఒక ప్రకరణమే వ్రాశాడు. ఏ చేపకు ఏ ఎరో అందులో చూడవచ్చు.

సామాన్యుని చరిత్ర మాటలో మిగిలింది. బెండు అంటే చెరువు అంచున పెరిగే నీటిజీలుగ కాండం. పచ్చిరొట్టకు చల్లే జీలుగ కాదు సుమా! తెల్లగా, గాలి నిండి, ఇట్టే తేలుతుంది. దొరల టోపీలు చేసినదీ దీనితోనే. టోపీలు పోయాయి. గాలానికి నేడు థర్మోకోలు ముక్క కట్టినా పేరు బెండే.

ఇక ఎంపిక. పరక ఎరను మెల్లగా లాగుతుంది. బెండు లావైతే ఆ బరువు తెలిసి ఎర ఉమ్మేసి పోతుంది. కనుక సన్నగా చెక్కి, కొన మాత్రమే పైకి కనబడేటట్టు సీసపు గుండు కట్టాలి. ఇంగ్లండువారు ఇందుకు నెమలీక కాడను మెచ్చారు. కొర్రమీనుకు కప్పపిల్లను గ్రుచ్చినప్పుడు మాత్రం లావు బెండే కావాలి. లేకుంటే ఎరే దానిని ముంచుతుంది.

మీ వైపు దీనికి మరో పేరున్నదా?