వెబ్ అప్లికేషన్ పోర్టు

కంప్యూటరుకు వచ్చిన నెట్‌వర్క్ సమాచారం అందులోని ఏ ప్రోగ్రాముకు చేరాలో తెలిపే సంఖ్య పోర్టు. ఐపీ అడ్రసు అపార్ట్‌మెంటు చిరునామా అనుకుంటే, పోర్టు ఫ్లాటు నంబరు. ఇది 16 బిట్ల సంఖ్య. 0 నుంచి 65535 వరకు ఉంటుంది. హెచ్‌టీటీపీకి 80, హెచ్‌టీటీపీఎస్‌కు 443 కేటాయించారు. బ్రౌజరుకు ఇవి ముందే తెలుసు కాబట్టి విడిగా రాయనక్కర్లేదు.

అభివృద్ధి దశ: వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో జాంగో 8000, ఫ్లాస్క్ 5000, రెయిల్స్ 3000 పోర్టులను డిఫాల్టుగా వాడతాయి. జాంగో సర్వరు నడుస్తుండగానే మరో టెర్మినల్‌లో ఇంకొకటి మొదలుపెడితే, పోర్టు ఇప్పటికే వాడుకలో ఉందన్న ఎర్రర్ వస్తుంది. రెండోదాన్ని మొదలుపెట్టే రన్‌సర్వర్ ఆదేశం చివర 8001 చేరిస్తే రెండూ నడుస్తాయి.

విడుదల దశ: యునిక్స్ తరహా సిస్టముల్లో 1024 కంటే చిన్న పోర్టులకు సాధారణంగా రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) అనుమతి కావాలి. అప్లికేషన్‌ను రూట్‌గా నడపడం ప్రమాదకరం. అందుకే ఇంజిన్‌ఎక్స్ వంటి రివర్స్ ప్రాక్సీ 443 దగ్గర అభ్యర్థనలు అందుకుని, 127.0.0.1:8000లో ఉన్న అప్లికేషనుకు పంపుతుంది. ఆ అడ్రసు బయటి కంప్యూటర్లకు అందదు, 0.0.0.0 పెడితే మాత్రం ఫైర్‌వాల్ అడ్డులేనప్పుడు అందరికీ తెరుచుకుంటుంది.

హెరోకు వంటి క్లౌడ్ వేదికలు పోర్టును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ ద్వారా అందిస్తాయి. కాబట్టి పోర్టు సంఖ్యను కోడులో కాక సెట్టింగుల్లో ఉంచడమే సరైన పద్ధతి.