ఇరవై పడితే రెట్టింపు దెబ్బ

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళ మధ్య కాసేపు కూర్చుంటే ఓ కేక తప్పకుండా వినబడుతుంది. ఇరవై ముఖాల పాచిక దొర్లి దొర్లి 20 మీద ఆగిందంటే వేసినవాడు కుర్చీలోంచి లేస్తాడు, పక్కవాడు బల్ల చరుస్తాడు. శత్రువుకి దెబ్బ తగలడమే కాదు, రెట్టింపు తగిలినట్టు. దీన్ని క్రిటికల్ హిట్ అంటారు. ఇది లేని ఆటని ఇవాళ్టి కుర్రకారు ఊహించుకోలేరు. ఆట పుట్టినప్పుడు మాత్రం ఈ రూలు లేనే లేదు. అచ్చయిన ఆటల్లో దీన్ని మొదట పెట్టిన ఘనత ఒక ఉర్దూ ప్రొఫెసరుకి కట్టబెడతారు. ఆ ముక్క కంటబడ్డాక నాకు ఇంకో పని తోచలేదు.

ఆయన పేరు ఎం.ఎ.ఆర్. బార్కర్. 1929లో అమెరికాలో స్పోకేన్ అనే ఊళ్ళో పుట్టాడు. 1950ల మొదట్లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద ఇండియా వచ్చాడు, ఇస్లాం పుచ్చుకున్నాడు, పేరు మార్చుకున్నాడు, ఉర్దూ నేర్చుకునేవాళ్ళ కోసం పెద్ద వాచకం తయారుచేశాడు, చివరికి మిన్నెసోటా యూనివర్సిటీలో కుదురుకున్నాడు. చిన్నప్పట్నుంచీ మనసులో ఒక లోకాన్ని కట్టుకుంటూ వచ్చాడు. దాని పేరు టెకుమెల్. దానికి దేవుళ్ళున్నారు, రాజవంశాలున్నాయి, లిపితో వ్యాకరణంతో సహా భాషలున్నాయి. 1975లో ఆ లోకం ‘ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్’ అనే ఆటగా పెట్టెలో పెట్టి అమ్మకానికొచ్చింది. అందులో ఉంది మన రూలు. 20 పడితే దెబ్బ రెట్టింపు. వెంటనే ఇంకోసారి పాచిక వెయ్యాలి. ఈసారి 19 గానీ 20 గానీ పడితే శత్రువు అక్కడికక్కడే సరి. ఈయన్ని తనివితీరా మెచ్చుకుందామంటే ఒక చేదు నిజం అడ్డొస్తుంది. మారుపేరుతో ఒక నాజీ అనుకూల నవల రాసింది ఈయనేనని, చనిపోయిన పదేళ్ళకి, 2022లో, ఆయన రచనల బాధ్యత చూసే సంస్థే ఒప్పుకుంది.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పావులు జరిపే పటం ఉండి తీరాలని లేదు. ఒకరు కథ నడుపుతారు, డంజన్ మాస్టర్ అంటే ఆయనే. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ‘తలుపు బద్దలుకొడతా’ అని ఒకడంటాడు. పగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. ఏ అంకె పడితే ఏమవుతుందో చెప్పేవి రూలు పుస్తకాలు. కొన్నేళ్ళకోసారి అవి మారతాయి. మారినప్పుడల్లా అభిమానులు రెండుగా చీలి కొట్టుకుంటారు.

ఈ కొట్లాటకి ఆటకంటే వయసెక్కువ. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే కుర్ర అధికారి యుద్ధాన్ని బల్లమీద ఆడించే ‘క్రీగ్‌ష్పీల్’ని రూళ్ళతో సహా అచ్చువేశాడు. మ్యాపు, పాచికలు, నష్టాల పట్టికలు, మధ్యలో ఒక అంపైరు. పట్టికలు చూసుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతోందని గొణుగుడు మొదలైంది. 1876లో వెర్డి ద్యు వెర్నువా అనే అధికారి, పట్టికలు పక్కన పెట్టండి, అనుభవమున్న అంపైరు చెప్పిందే తీర్పు అన్నాడు. రూలు గొప్పదా, నడిపేవాడి బుద్ధి గొప్పదా? కొత్త ఎడిషన్ వచ్చిన ప్రతిసారీ జరిగే వాదన అచ్చంగా ఇదే, మీసాలు తీసేసి చూస్తే.

అక్కణ్ణుంచి దాదాపు వందేళ్ళు ఒక్క గెంతులో దాటేస్తాను. 1880లో టాటెన్ అనే అమెరికన్ సైనికాధికారి రాసిన ‘స్ట్రాటెగోస్’ పుస్తకం మిన్నెసోటా యూనివర్సిటీ లైబ్రరీలో డేవిడ్ వెస్లీ అనే యుద్ధక్రీడల పిచ్చివాడికి దొరికింది. ఆటగాడు ఏం చేస్తానన్నా సరే, తేల్చాల్సింది రిఫరీ అన్న ఆలోచన అతనికి అందులో కనబడింది. 1969లో ‘బ్రౌన్‌స్టైన్’ అనే ఆట నడిపాడు. అందులో ఒక్కొక్కరికి ఒక్కో సైన్యం కాక ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. అతని మిత్రుడు డేవ్ ఆర్నెసన్ దాన్ని కోటలు, నేలమాళిగల్లోకి తీసుకెళ్ళాడు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో, ఇన్సూరెన్స్ ఉద్యోగం పోయి ఇంటి నేలమాళిగలో చెప్పులు కుట్టుకుంటున్న గ్యారీ గైగాక్స్ దానికి పుస్తకరూపం ఇచ్చాడు. 1974లో టీఎస్‌ఆర్ అనే సొంత సంస్థ పేరిట, చెక్క నమూనా కాగితం అంటించిన పెట్టెలో, మూడు చిన్న పుస్తకాలు. 1,000 కాపీలు, ధర 10 డాలర్లు.

ఆ పుస్తకాలు చూస్తే నవ్వొస్తుంది. పోరాటం ఎలా చెయ్యాలో తెలియాలంటే గైగాక్స్ అంతకుముందు 1971లో వేసిన ‘చైన్‌మెయిల్’ అనే ఇంకో పుస్తకం కొనుక్కోమంటాయి. కవచం లెక్క మరీ తలకిందులు. ఏమీ తొడుక్కోనివాడికి 9, నిలువెల్లా ఇనుము తొడిగి డాలు పట్టినవాడికి 2. అంకె తగ్గినకొద్దీ రక్షణ ఎక్కువ. అమెరికా అంతర్యుద్ధం నాటి ఇనుప ఓడల మీద తను రాసుకున్న రూళ్ళ నుంచి కవచం లెక్క తెచ్చానని ఆర్నెసన్ చెప్పేవాడు. ఫస్ట్ క్లాసు కవచం సెకండ్ క్లాసు కంటే మేలు కదా, అలా. ఓడల లెక్క మనుషులకి తొడిగితే పాతికేళ్ళపాటు ఆటగాళ్ళు తీసివేతలు చేసుకుంటూ కూర్చున్నారు.

ఇక నాకిష్టమైన కాలానికొస్తాను. 1975 నుంచి 1979 దాకా.

పుస్తకాల నిండా కంతలు. ఒక్కో ఊళ్ళో ఒక్కో రకంగా పూడ్చుకున్నారు. అష్టాచెమ్మాలో ఎదుటివాడి కాయని చంపకుండా లోపలి గడుల్లోకి పోవచ్చా కూడదా అన్నదానికి ఇంటికో రూలున్నట్టు, ఇదీ అంతే. లాస్ ఏంజలెస్‌లో సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంఘం ఒకటి వారం వారం ఒక సంకలనం వేసేది. అందులో ఈ ఆట గోల ఎక్కువైపోయి, మీరు వేరే కాపురం పెట్టుకోండి బాబూ అన్నారు. లీ గోల్డ్ అనే ఆవిడ 1975లో ‘అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్’ మొదలుపెట్టింది. పద్ధతి ఏమిటంటే, రాసేవాళ్ళు తమ పేజీలు టైపు కొట్టి పంపుతారు. అన్నీ మిమియోగ్రాఫ్ మీద తీసి, కలిపి కుట్టి, అందరికీ పోస్టులో పంపాలి. వచ్చే నెల సంచికలో ఒక్కొక్కరి పేరూ ఎత్తి జవాబు రాసేవాళ్ళు. నీ మాట తప్పు అనిపించుకోవడానికి నెల ఆగాలన్నమాట! దాదాపు 50 ఏళ్ళు నడిచిందది.

వాళ్ళు దేనిమీద వాదించుకున్నారంటే, ఉదాహరణకి మంత్రాలు. రూలు ప్రకారం మాంత్రికుడు పొద్దున్నే మంత్రం బట్టీపట్టాలి. ఒకసారి ప్రయోగించగానే అది బుర్రలోంచి చెరిగిపోతుంది. జాక్ వాన్స్ 1950 నాటి ‘ది డైయింగ్ ఎర్త్’ కథల్లోంచి గైగాక్స్ తెచ్చుకున్న ఊహ ఇది. చదివినవాళ్ళకి సంబరం, చదవనివాళ్ళకి తలనొప్పి. ‘పాతాళభైరవి’ చూసి పెరిగిన మనకి, మంత్రం వేసిన మరుక్షణం దాన్ని మర్చిపోయే నేపాళ మాంత్రికుణ్ణి ఊహించుకోవడం కష్టమే. మర్చిపోవడమేమిటి, ఒక్కో మంత్రానికి ఇంత శక్తి ఖర్చవుతుందని పాయింట్లు పెడదాం అన్నారు చాలామంది. అది అచ్చులో చూసి గైగాక్స్ చిరాకుపడ్డాడు.

వాదించి ఊరుకున్నవాళ్ళు కొందరైతే, సొంత కుంపటి పెట్టుకున్నవాళ్ళు కొందరు. అరిజోనాలో కెన్ సెయింట్ ఆండ్రే రూళ్ళు చదివి, ఇవి నావల్ల కాదని, మామూలు ఆరు ముఖాల పాచికలతో 1975లోనే ‘టన్నెల్స్ అండ్ ట్రోల్స్’ రాసేశాడు. కాలిఫోర్నియాలో స్టీవ్ పెరిన్ పోరాటానికి తన పద్ధతులు రాసి 1976లో ఒక సమావేశంలో పంచిపెట్టాడు. రెండేళ్ళకి ‘రూన్‌క్వెస్ట్’ ఆట వెనక ఉన్నది ఆయనే. పాచికల కథ సరేసరి. ఇరవై ముఖాల పాచికలు బళ్ళకి సామాను అమ్మే కేటలాగుల్లోంచి తెప్పించుకునేవాళ్ళు. మెత్తటి ప్లాస్టిక్కు, చెక్కిన అంకెల్లో రంగుండదు. మైనపు క్రేయాన్ రుద్ది, పైది తుడిచేస్తే గాడిలో మిగిలిన రంగుతో అంకె కనబడేది. నాలుగు నెలలు ఆడితే అంచులు అరిగి పాచిక గోళీకాయలా తయారయ్యేది.

1975లో గైగాక్స్ ఆ లీ గోల్డ్ పత్రికకే ఉత్తరం రాశాడు. నేనూ ఆర్నెసనూ కూడా చాలా విషయాల్లో ఒకలా ఆడం, అందరూ ఒకే రకంగా ఆడదామని ఒప్పుకున్ననాడు ఈ ఆట చప్పబడిపోతుంది అని దాని సారాంశం. అదే మనిషి 1978, 79 నాటికి, ‘అడ్వాన్స్‌డ్’ అని పేరు తగిలించిన మూడు లావుపాటి పుస్తకాలు తెస్తూ, ఎక్కడ ఆడినా ఒకే ఆటగా ఉండాలి, ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటే అది ఈ ఆటే కాదు అనడం మొదలుపెట్టాడు. టోర్నమెంట్లు పెరిగాయి నిజమే. ఇంకో సంగతీ ఉంది. ‘అడ్వాన్స్‌డ్’ వేరే ఆట అన్నారు, ఆర్నెసన్‌కి రాయల్టీ దక్కలేదు, ఆయన 1979లో కోర్టుకెళ్ళాడు, 1981లో రాజీ కుదిరింది. కాబట్టి రూళ్ళ స్వచ్ఛత గురించిన ఉపన్యాసాలు వింటున్నప్పుడు పక్కనే లెక్కల పుస్తకం కూడా తెరిచి చూడాలని నా అభిప్రాయం.

ఆ మూడు లావుపాటి పుస్తకాల్లో 1979లో వచ్చినదాంట్లోనే గైగాక్స్ రెట్టింపు దెబ్బని కొట్టిపారేశాడు. దెబ్బ తగిలినప్పుడల్లా తరిగే హిట్ పాయింట్లంటే ఒంట్లోని కండ కాదు, ఓపిక, నేర్పు, అదృష్టం అన్నీ కలిపిన లెక్క. అందులో గుండెకి తగిలింది, మెడకి తగిలింది అనడానికి అర్థం లేదన్నాడు. పైగా మీకున్న హక్కు రాక్షసులకీ ఉండాలి కదా, అప్పుడు చచ్చేది మీ పాత్రలే అన్నాడు. లెక్క సరైనదే. ఎవరూ వినలేదు. 20 పడ్డప్పటి సంబరం ముందు లెక్కెవడికి కావాలి?

వాదనలన్నీ పాచికల చుట్టూనే కాదు. 1978 పుస్తకంలో ఆడ పాత్రల బలానికి మగ పాత్రల కంటే తక్కువ హద్దు పెట్టారు. 1989 నాటి రెండో ఎడిషన్‌లో గానీ అది పోలేదు. అదే ఎడిషన్‌లో, ఈ ఆట పిల్లల్ని సైతాను పాలు చేస్తోందన్న తల్లిదండ్రుల ఆందోళనకి జడిసి, దయ్యాల పేర్లు కూడా మార్చారు. తర్వాతివి చకచకా చెప్పేస్తాను. 1997లో టీఎస్‌ఆర్‌ని విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కొనేసింది. 2000లో మూడో ఎడిషన్ ఓడల కవచం లెక్కని నిటారుగా నిలబెట్టింది, రెట్టింపు దెబ్బని రూలు పుస్తకం నడిబొడ్డున కూర్చోబెట్టింది, ఖాయం చేసుకోవడానికి రెండోసారి పాచిక వెయ్యమంది. బార్కర్ వాసన! 2008 నాటి నాలుగోది చాలామందికి మింగుడుపడలేదు. వాళ్ళకోసం పాత రూళ్ళనే కాస్త దిద్ది పైజో సంస్థ 2009లో ‘పాత్‌ఫైండర్’గా అమ్ముకుంది. 2014లో ఐదోది.

2022 ఆగస్టులో కొత్త సవరణకి ముసాయిదా వదిలారు. అందులో, రెట్టింపు దెబ్బ ఇకపై ఆటగాళ్ళ ఆయుధాలకే, మంత్రాలకి లేదు, రాక్షసులకి అసలే లేదు అని ఉంది. మొదటి మెట్టు మీదున్న పాత్రలు రాక్షసుడికి 20 పడగానే చచ్చిపోతున్నాయన్నది ఒక కారణం. గైగాక్స్ అంతకు 43 ఏళ్ళ ముందు చెప్పిన భయమే. అభిమానులు మండిపడ్డారు. చావు భయం లేకపోతే ఇంక ఆటేమిటని నడిపేవాళ్ళు, మా మాంత్రికులేం పాపం చేశారని ఆడేవాళ్ళు. కొద్దివారాల్లో వచ్చిన తర్వాతి ముసాయిదాలో పాత రూలు తిరిగొచ్చింది. 2024 పుస్తకంలోనూ అదే ఉంది.

గెలిచారు, సంతోషమే. నాకు గుచ్చుకునేది గెలిచిన తీరు. ఇప్పుడు వాదన అంటే సంస్థ పంపిన సర్వే నింపడం. ఒక మార్పు నచ్చినవాళ్ళు 70 శాతం దాటితే అది బతుకుతుంది, లేకపోతే పోతుంది. 1975లో రూలు నచ్చనివాడు తన బల్ల దగ్గర మార్చుకుని, ఎందుకు మార్చాడో ఆరు పేజీలు టైపు కొట్టి, తిట్లు తినడానికి సిద్ధపడి పోస్టులో వేసేవాడు. ఇవాళ కూడా మార్చుకోవచ్చు, ఎవరూ పట్టుకోరు. అయినా పుస్తకంలో ఉంటేనే రూలనే మనస్తత్వం బలపడింది. లక్షమందిని అడిగి తేల్చిన రూలు ఎవరికీ కోపం తెప్పించని రూలు అవుతుంది. బార్కర్ రెండో పాచిక లాంటి మొండి ఆలోచన ఆ జల్లెడలోంచి బయటపడదు.

గైగాక్స్ 2008 మార్చిలో పోయాడు. చివరి ఏళ్ళలో అభిమానులు ఆయన్ని ఓపిగ్గా, పేజీ నంబర్లతో సహా ప్రశ్నలడిగేవాళ్ళు. ఏ ఆయుధం ఎంత వేగం, ఏ కత్తి ఏ కవచం మీద ఎంత పనిచేస్తుంది అన్న ఆ పెద్దపెద్ద పట్టికల సంగతి వచ్చినప్పుడు, అవి తన బల్ల దగ్గర వాడలేదని ఆయన ఒప్పుకున్నాడు.