మస్సా: ఒక మర్జ్ తారీఖ్

ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్ళల్లో మనం "మస్సా" అంటే రెండు అర్థాలు. ఒకటి పులిపిరి, రెండోది బవాసీర్, అంటే మొలలు. ఈ రెంటి చాటున మూడోది దాక్కుంటుంది: షరమ్‌గాహ్ మీద లేచే పులిపిర్లు. ఆ చోటు పేరులోనే షరమ్ ఉంది, ఇక ఎవరు నోరు విప్పుతారు? బవాసీర్ అని చెప్పుకుని, సున్నం సోడా పూయించుకుని చర్మం కాల్చుకున్నవాళ్ళ సంగతులు మన మొహల్లాల్లో నేను విన్నాను.

మర్జ్ పాతదే. ఇబ్నెసీనా తన "అల్ ఖానూన్"లో మస్సాల గురించి రాశాడు. సబబ్ మాత్రం 1907 దాకా తేలలేదు. ఇటలీ డాక్టర్ చూఫో పులిపిరిని నూరి, బాక్టీరియా కూడా దాటలేనంత సన్నగా వడగట్టి, ఆ రసాన్ని తన చేతికే ఎక్కించుకున్నాడు. అక్కడ పులిపిరి లేచింది. అంటే ఇది వైరస్ పని. 1942లో అమెరికాలో కాప్లాన్ అనే డాక్టర్ పొడోఫిలిన్ పూతతో షరమ్‌గాహ్ పులిపిర్లు రాలిపోతాయని చూపాడు. అది ఒక మొక్క వేరు నుంచి తీసే బంక. మన హిమాలయాల బన్‌కకడీ వేరులో అదే బంక ఇంకా ఎక్కువ. జహర్‌లాంటి దవా, గర్భిణులకు అసలే పనికిరాదు.

నన్ను ఆపేసింది 1954 నాటి ముచ్చట. అప్పటిదాకా చాలామంది డాక్టర్లు తప్పును శుభ్రత మీదికి తోసేవాళ్ళు. కొరియా జంగ్ నుంచి అమెరికా సిపాయీలు ఇళ్ళకు తిరిగొచ్చిన కొన్ని వారాలకు 24 మంది బీబీలకు ఈ పులిపిర్లు లేచాయి. ఆరా తీస్తే షౌహర్లకు పరదేశంలోనే సోకింది. కలయికతో అంటుకుంటుందని అలా రుజువైంది.

1980లో జర్మనీలో గిస్‌మన్, జుర్ హౌజెన్ ఈ పులిపిర్ల నుంచి హెచ్‌పీవీ 6వ రకాన్ని పట్టుకున్నారు, తర్వాత 11వ రకం దొరికింది. పదింట తొమ్మిది కేసులు ఈ రెంటివల్లే. కేన్సర్ తెచ్చే 16, 18 వేరు. ఈ వైరస్ నెలలు, ఒక్కోసారి ఏళ్ళు చప్పుడు చేయకుండా ఉంటుంది. కాబట్టి పులిపిరి లేచిన రోజు నుంచి వెనక్కి లెక్కగట్టి బీబీ మీదో షౌహర్ మీదో ఇల్జామ్ వేయడం కుదరదు. తలాక్ మాటలదాకా పోయే ఇళ్ళవాళ్ళు ఇది కాస్త వినాలి.

ముదిరితే గోబీపువ్వులా పెరుగుతుంది. దాన్ని 1925లో బుష్కే, లోవెన్‌స్టైన్ వర్ణించారు. అంతదాకా వస్తే పూతలు చాలవు, ఆపరేషనే. చిన్నవాటిని గడ్డకట్టించి, కరెంటుతో కాల్చి, ఇమిక్విమాడ్ పూసి తీస్తారు. తీసినా మళ్ళీ లేవొచ్చు, ఇలాజ్ తప్పిందని కాదు. టీకా ముందే కాపాడుతుంది, లేచినవాటిని మాన్పదు.

1953 దాకా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోదే, మనవాళ్ళు ఇప్పటికీ పెద్ద జబ్బంటే అటే చూస్తారు. కర్నూలు పెద్దాసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. సర్కారీ ఆసుపత్రుల సురక్షా క్లినిక్‌లలో ఇలాజ్ ముఫ్త్, పేరు బయట పెట్టరు. మియాబీబీ ఇద్దరూ కలిసే వెళ్ళండి.