అల్లెగ్రి ‘మిజరేరే’: ధ్వనిముద్రణ, పాఠనిర్ణయం

17వ శతాబ్దంలో రోములోని సిస్టీన్ ప్రార్థనాలయం కోసం గ్రెగోరియో అల్లెగ్రి 51వ కీర్తనను ‘మిజరేరే’ అనే బృందగానంగా కూర్చాడు. 1963లో డేవిడ్ విల్‌కాక్స్ నిర్వహణలో కేంబ్రిడ్జి కింగ్స్ కళాశాల బృందం దీనిని ఆంగ్లంలో పాడిన ధ్వనిముద్రణ విశేష ప్రచారం పొందింది. అందులోని విలంబగమనం, బాలగాయకుడు రాయ్ గుడ్‌మన్ అందుకొన్న తారస్థాయి ‘సి’ స్వరం పశ్చాత్తాపాన్ని ప్రశాంతమైన ఆర్తిగా మలిచాయి.

అయితే ఆ తారస్వరం అల్లెగ్రి రచనలోనిది కాదు. 1831లో మెండెల్సన్ షడ్జ–మధ్యమాల అంతరం మేర హెచ్చుశ్రుతిలో విని రాసుకొన్న భాగం, తరువాత గ్రోవ్ సంగీత నిఘంటువులో మూలశ్రుతిలోని భాగంతో కలిసిపోయింది. చరణం నడుమ జి మైనర్ నుండి సి మైనర్‌కు జరిగే హఠాత్ మార్పుకు కారణమిదే. తాళపత్ర ప్రతుల్లోని లేఖకదోషం వలె, పొరపాటు పాఠమై, పాఠం సంప్రదాయమైంది. కనుక ఈ ధ్వనిముద్రణను మూలానికి సాక్ష్యంగా గాక, పాఠపరిణామంలో ఒక దశగా పరిగణించడం సమంజసం.