అద్దె ఇంటిలో విద్యుత్తు భద్రత – యజమాని, అద్దెదారుల బాధ్యతలు

గృహాలకు సరఫరా అయ్యే 230 వోల్టుల విద్యుత్తు సొంత ఇంటికీ అద్దె ఇంటికీ భేదం చూపదు. అయితే అద్దె ఇంటిలో గోడలలోని తీగలు యజమానివి, వాటిపై నడిచే ఉపకరణాలు అద్దెదారువి. లోపాన్ని సరిచేయవలసినది ఎవరన్న విషయం తేలక, ఎర్తింగు లేని ఇండ్లు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతున్నాయి. కనుక ఇంటిలో చేరకముందే గాలి, వెలుతురు, నీటి వసతితోపాటు విద్యుత్తు ఏర్పాట్లను కూడా పరిశీలించుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఎర్తింగు

గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇనుప కూలరు వంటి లోహపు తొడుగు గల ఉపకరణాలకు ఎర్తింగు తప్పనిసరి. లోపలి తీగ ఊడి తొడుగును తాకినపుడు విద్యుత్తు ఎర్తు తీగ ద్వారా భూమిలోకి పోతుంది. మూడు పిన్నుల ప్లగ్గులో పొడవుగా, లావుగా ఉండే పిన్ను ఇందుకు ఉద్దేశించినదే. దానిని విరిచివేయడం, ప్లగ్గు లేకుండా తీగలను అగ్గిపుల్లలతో సాకెట్టులో బిగించడం ప్రమాదకరం.

సాకెట్టుకు మూడవ రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్లు కాదు. కొన్ని ఇండ్లలో ఎర్తు తీగ అసలు వేసి ఉండదు. మరికొన్ని చోట్ల ఆ రంధ్రాన్ని న్యూట్రల్ తీగకు కలుపుతారు. ఇది మరింత అపాయకరం. న్యూట్రల్ తెగిన వెంటనే ఉపకరణం తొడుగు అంతటా విద్యుత్తు ప్రసరిస్తుంది. ప్రభుత్వ ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు పర్మిట్ గల వైర్‌మన్‌తో పరీక్ష చేయించినపుడే అసలు స్థితి తెలుస్తుంది.

ఎం.సి.బి., ఆర్.సి.సి.బి.

ఎం.సి.బి. ఉన్నందున షాక్ తగలదని భావించడం పొరపాటు. లోడు మించినపుడు, షార్ట్ సర్క్యూట్ అయినపుడు మాత్రమే అది పనిచేస్తుంది. మనిషి గుండా 0.1 ఆంపియరు ప్రవహించినా ప్రాణాపాయం కలుగవచ్చు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. దానిని గుర్తించదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. అట్టి లీకేజీని గుర్తించి క్షణంలో సరఫరాను నిలిపివేస్తుంది. దానిపై గల టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. అయితే ఇది ఎర్తింగుకు ప్రత్యామ్నాయం కాదు.

అద్దెదారు పాటించవలసినవి

* 2,000 వాట్ల గీజరు సుమారు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. దానిని 6 ఆంపియర్ల సాకెట్టుకు గాని, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గాని తగిలించరాదు.
* ఏ.సి. వంటివి అమర్చుకునేముందు యజమానికి తెలిపి, అవసరమైనచో అదనపు లోడు మంజూరు చేయించుకోవలెను.
* ఫ్యూజు పోయినపుడు లావుపాటి తీగ చుట్టరాదు.
* బట్టలు ఆరవేసే ఇనుప తీగను విద్యుత్తు తీగల సమీపంలో కట్టరాదు. దండేనికి నైలాను తాడు శ్రేయస్కరం.
* కూలరులో నీరు పోసేముందు, తుడిచేముందు స్విచ్ ఆపి ప్లగ్గు తీయవలెను.

చట్టం ఏమి చెబుతోంది?

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ప్రకారం వైరింగు, దాని నిర్వహణ యజమాని బాధ్యత. స్విచ్చులు, సాకెట్ల మరమ్మతులు అద్దెదారు బాధ్యత. ఇది నమూనా మాత్రమే. రాష్ట్రాలు చట్టం చేసినపుడే అమలులోకి వస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, యజమాని తాను చేయవలసిన మరమ్మతులను నోటీసు అందిన తరువాత సముచిత కాలంలో చేయని పక్షంలో, అద్దెదారు వాటిని చేయించి ఆ వ్యయాన్ని అద్దె నుండి మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో ఇందుకు విరుద్ధమైన షరతు లేనపుడే ఇది వర్తిస్తుంది. అందువల్ల ఎర్తింగు, ఆర్.సి.సి.బి., వైరింగు మరమ్మతులు ఎవరి బాధ్యతో అద్దె ఒప్పంద పత్రంలోనే వ్రాసుకొనుట, లోపాలను వ్రాతపూర్వకంగా తెలియజేయుట ఉభయులకూ శ్రేయస్కరం.

ప్రమాదం జరిగినచో

షాక్‌కు గురైన వ్యక్తిని నేరుగా తాకరాదు. ముందుగా మెయిన్ స్విచ్ ఆపవలెను. అది సాధ్యం కానపుడు పొడి నేలపై నిలబడి, పొడి కర్రతో తీగను తొలగించి, 108కి ఫోన్ చేయవలెను. విద్యుత్తు వల్ల చెలరేగిన మంటలపై నీరు చల్లరాదు. అగ్నిమాపక సేవలకు 101కు, స్తంభం నుండి వచ్చే సర్వీసు తీగలో లోపం ఉన్నచో 1912కు తెలియజేయవచ్చు.